కరెంటు బిల్లు కూడా మన వంటింటి లెక్కే!

పాల లెక్క క్యాలెండరు మీద రాసుకుంటాం. ఇస్త్రీ బట్టల పద్దు చిన్న పుస్తకంలో వేసుకుంటాం. గ్యాసు బండ ఏ తారీకున బిగించామో గుర్తుంచుకుని, ఈసారి నలభై రోజులు వచ్చిందా, ముప్ఫై అయిదు రోజులకే అయిపోయిందా అని ఆరా తీస్తాం. మరి కరెంటు బిల్లు సంగతేమిటి? చాలా ఇళ్లల్లో అది మగవారి కాగితం. వాకిట్లో మిషనులోంచి వచ్చిన చీటీ ఫ్రిజ్ మీదకి, అక్కణ్నుంచి వారి జేబులోకి వెళ్తుంది. ఇప్పుడు ఫోనులోనే కట్టేస్తున్నారు గనుక ఆ చీటీని తిరగేసి చూసేవాళ్లే తక్కువ.

నిజానికి ఇంట్లో కరెంటు ఎక్కువగా వాడేది ఎవరండీ? తెల్లారగానే మోటారు వేసేది మనం. మిక్సీ, గ్రైండరు, వాషింగ్ మిషను, గీజరు, ఇస్త్రీ పెట్టె అన్నీ మన చేతిమీద నడిచేవే. బిల్లు ఎక్కువ వస్తే "నువ్వు ఫ్యాను కట్టవు, లైటు ఆర్పవు" అని మాట పడేదీ మనమే. మాట పడేవాళ్లకి లెక్క తెలిసి ఉండాలా వద్దా?

నేను ఇంటర్ దాకా చదువుకున్నదాన్ని. ఇంజనీరునీ కాను, లాయరునీ కాను. కానీ ఇరవై రెండేళ్లుగా ఒక సంసారం ఖర్చు నడుపుతున్నాను. పేపర్లో కరెంటు వార్త వస్తే కత్తిరించి, వంటల కాగితాలు పెట్టుకునే ఫైలులోనే దాచుకోవడం నాకు అలవాటు. గోంగూర పచ్చడి పక్కన టారిఫ్ ఉత్తర్వు ఉంటుందని మా వారు నవ్వుతారు. ఆ ఫైలులోంచి తీసి, నాకు అర్థమైనంత వరకు మీకు చెబుతాను.

మన చిన్నప్పుడు కరెంటు అంటే ఒకటే పేరు, బోర్డు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు 1959లో ఏర్పడింది. కరెంటు తయారుచేసేది వాళ్లే, పెద్ద లైన్ల మీద మోసుకొచ్చేది వాళ్లే, మన ఇంటి ముందు స్తంభం దాకా తెచ్చి బిల్లు వేసేదీ వాళ్లే. రేటు ఎంత ఉండాలన్నది బోర్డూ ప్రభుత్వమూ కలిసి తేల్చుకునేవి. మనల్ని అడిగేవాళ్లు లేరు, మనం అడిగే చోటూ లేదు. సాయంత్రం బల్బు ఎర్రగా దీపంలా వెలిగేది. ఆదివారం సినిమా సగంలో ఉండగా కరెంటు పోయేది. ఇడ్లీకి పప్పు నానబోసి గ్రైండరు ముందు కూర్చుంటే కోత మొదలయ్యేది, మా అమ్మ గొణుక్కుంటూ మళ్లీ రుబ్బురోలు దగ్గరికి వెళ్లేది.

అప్పటికే బోర్డులు దేశమంతటా నష్టాల్లో కూరుకుపోయాయి. దారిలో పోయే కరెంటు కొంత, దొంగ కనెక్షన్లలో పోయేది కొంత, ఖర్చుకంటే తక్కువకి ఇచ్చేది కొంత. దాంతో బోర్డుల్ని విడగొట్టాలన్న ఆలోచన వచ్చింది. 1996లో ఒరిస్సా ముందు మొదలుపెట్టింది. మన రాష్ట్రంలో 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది, దానికి ప్రపంచ బ్యాంకు అప్పు కూడా తోడయింది. 1999 ఫిబ్రవరి 1న బోర్డు రెండుగా చీలి జెన్‌కో, ట్రాన్స్‌కో అయింది. 2000లో ట్రాన్స్‌కో నుంచి నాలుగు పంపిణీ సంస్థలు వేరుపడ్డాయి.

మన భాషలో చెప్పాలంటే ఉమ్మడి సంసారం వేరుపడింది. వండే కోడలు జెన్‌కో. గిన్నెలు మోసుకొచ్చే కోడలు ట్రాన్స్‌కో. విస్తట్లో వడ్డించి, చివర్లో డబ్బు అడిగే కోడలు పంపిణీ సంస్థ. వేరుపడ్డప్పుడు తగువులు రాకుండా ఒక పెద్దమనిషి కావాలి కదా? ఆ పెద్దమనిషే 1999లో ఏర్పడిన విద్యుత్ నియంత్రణ మండలి. పేపర్లలో ఈఆర్‌సీ అని రాస్తారు. రేటు ఎంతన్నది ఇకమీదట ప్రభుత్వం కాదు, ఈ మండలి లెక్కలు చూసి చెప్పాలి.

ఈ పెద్దమనిషి ఎందుకు అవసరమో ఒక్క మాటలో చెబుతాను. కూరలాయన టమాటా ధర ఎక్కువ చెబితే పక్క బండికి వెళ్తాం. కరెంటుకి పక్క బండి లేదు. మన వీధిలో ఒకే స్తంభం, ఒకే తీగ. బేరమాడే వీలు లేని చోట మన తరపున బేరమాడడానికి ఎవరో ఒకరు ఉండి తీరాలి.

కానీ మొదటి అడుగులోనే జనానికి దెబ్బ తగిలింది. మండలి 2000లో ఇచ్చిన మొదటి ఉత్తర్వుతో రేట్లు బాగా పెరిగాయి. నేనప్పుడు ఇంటర్ చదువుతున్నాను. ఎప్పుడూ గుమ్మం దాటి గట్టిగా మాట్లాడని మా అమ్మ ఆ వేసవిలో బిల్లు చీటీ పట్టుకుని వీధిలో నలుగురు ఆడవాళ్లతో కలిసి నిలబడింది. "రెండు బల్బులు, ఒక ఫ్యానుకి ఇంతా?" అని ఆమె అడిగిన ప్రశ్న నాకింకా గుర్తుంది. రాష్ట్రమంతా ఉద్యమం నడిచింది. 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులు జరిగి ముగ్గురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. కరెంటు రేటు అనేది ఆఫీసు కాగితాల వ్యవహారం కాదని, ఇళ్లల్లో దీపం వెలగడానికీ ఆరడానికీ సంబంధించినదని అందరికీ తెలిసొచ్చింది.

ఆ తరువాత 2003లో దేశానికంతటికీ ఒకే విద్యుత్ చట్టం వచ్చింది. పాతకాలపు 1910, 1948 చట్టాల స్థానంలో ఇదే అమలైంది. ప్రైవేటు వాళ్లు లైసెన్సు లేకుండానే కరెంటు తయారుచేయవచ్చు, కరెంటును సరుకులా కొనవచ్చు, అమ్మవచ్చు అని ఈ చట్టం చెప్పింది. రాష్ట్రానికి ఒక మండలి, పైన కేంద్ర మండలి, ఆపైన అప్పీలు వినడానికి ట్రిబ్యునలు. 2008లో ఇండియన్ ఎనర్జీ ఎక్స్ఛేంజి మొదలైంది. అదే కరెంటు బజారు. ఆ బజారులో రేపటికి కావలసిన కరెంటును ఇవాళే వేలం వేస్తారు. రోజును పావుగంట చొప్పున 96 ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కకు ఒక్కొక్క ధర. పొద్దున రైతుబజారులో ఒక రేటు, మధ్యాహ్నం వాడిపోయాక ఒక రేటు ఉన్నట్టన్నమాట. సూర్యరశ్మితో తయారయ్యే కరెంటు పెరిగాక, మిట్టమధ్యాహ్నం ధర తగ్గుతుంది. పొద్దువాలి అందరం లైట్లు వేసి పొయ్యి వెలిగించే వేళకి చుక్కలనంటుతుంది.

అయితే పంపిణీ సంస్థలు మనకిచ్చే కరెంటు అంతా ఈ బజారులోదే అనుకోకండి. ఎక్కువ భాగం పాతిక సంవత్సరాల లాంటి దీర్ఘకాలపు ఒప్పందాల మీద వస్తుంది. దీన్ని మనం వాడుక పాలతో పోల్చుకోవచ్చు. నెలవాడుక పాలు పోయించుకుంటే పాలు చిక్కగా, నమ్మకంగా వస్తాయి. కానీ పదిరోజులు ఊరెళ్లినా "గేదెకి మేత ఆగుతుందా అమ్మా" అని మేత డబ్బు అడుగుతారు. ఈ ఒప్పందాల్లోనూ అంతే. కరెంటు తీసుకున్నా తీసుకోకపోయినా స్థిర ఛార్జీ కట్టాలి. ఇంకో పక్క, హఠాత్తుగా చుట్టాలు దిగితే కొట్టుకి పరిగెత్తి పాకెట్లు కొంటాం చూడండి, అదీ ఎక్స్ఛేంజి. వాడుక ఎక్కువ పెట్టుకుంటే పాలు మిగిలి విరిగిపోతాయి, తక్కువ పెట్టుకుంటే పాకెట్లకి పోయాలి. ఈ అంచనా సరిగా వేయడమే పంపిణీ సంస్థ నేర్పు. ఆ అంచనా తప్పితే డబ్బు పోయేది మన చేతిలోంచే.

2022 వేసవిలో ఇదే జరిగింది. ఎండలు ముందే ముదిరాయి, బొగ్గు కొరత వచ్చింది. మార్చిలో ఎక్స్ఛేంజిలో యూనిట్టు ధర 20 రూపాయలకు చేరింది. అంత పెట్టి కొందామన్నా దొరకని గంటలున్నాయి. ఏప్రిల్‌లో కేంద్ర మండలి కలగజేసుకుని 12 రూపాయలకు మించి అమ్మకూడదని కట్టడి చేసింది, 2023లో దాన్ని 10కి తగ్గించింది. ఆ 2022 ఏప్రిల్‌లోనే ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకు పవర్ హాలిడే ప్రకటించారు. బజారు తలుపులు బార్లా తెరిస్తే సరిపోదు, గుమ్మం దగ్గర ఎవరో ఒకరు కూర్చోవాలని అర్థమైంది కదా.

మంచి జరగలేదని మాత్రం అనను. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తరాది, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కుప్పకూలి దేశంలో సగం జనాభా చీకట్లో ఉంది. మనకి ఆ దెబ్బ తగల్లేదు, ఎందుకంటే దక్షిణాది గ్రిడ్ అప్పటికి వాళ్లతో పూర్తిగా కలిసి లేదు. కానీ అదే కారణం చేత అక్కడ కరెంటు మిగిలినా మనకి తెచ్చుకునే దారి ఇరుకు. 2012, 2013లో మన పల్లెల్లో ఎన్ని గంటల కోతలు పడ్డామో మీకు గుర్తుండే ఉంటుంది. పిల్లలు పరీక్షలకు కొవ్వొత్తులతో చదివారు. 2013 డిసెంబరు 31న రాయచూరు, షోలాపూరు మధ్య పెద్ద లైను కలిపారు. దేశమంతా ఒకే గ్రిడ్ అయింది. ఇవాళ రాజస్థాన్ ఎండలో పుట్టిన కరెంటు మన ఇంట్లో మిక్సీ తిప్పవచ్చు. కోతలు తగ్గడానికి ఈ దారి వెడల్పు కావడం ఒక కారణం.

ఇక మన చీటీ దగ్గరికి వద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ నుంచి అమలైన రేట్ల ప్రకారం ఇళ్లకు ఆరు శ్లాబులు. మొదటి 30 యూనిట్లకు రూ. 1.90, 31 నుంచి 75 వరకు 3 రూపాయలు, 76 నుంచి 125 వరకు రూ. 4.50, 126 నుంచి 225 వరకు 6 రూపాయలు, 226 నుంచి 400 వరకు రూ. 8.75, ఆపైన రూ. 9.75. దీని మీద స్థిర ఛార్జీ, కస్టమర్ ఛార్జీ, విద్యుత్ సుంకం వేరు. "ఒక్క యూనిట్టు దాటితే మొత్తం పై రేటు పడుతుంది" అని చాలామంది అనుకుంటారు. ఆ రేట్లలో అలా లేదు. మెట్ల లెక్క అది. దాటిన యూనిట్లకే పై రేటు. 225 యూనిట్లు వాడితే యూనిట్ల ఖర్చు 1,017 రూపాయలు. 226 వాడితే ఇంకో రూ. 8.75 అవుతుంది, అంతే.

తెలంగాణలో లెక్క వేరు. మా చెల్లెలు అక్కడ ఉంటుంది. అక్కడ 2022-23 రేట్ల ప్రకారం 200 యూనిట్లు వాడిన ఇంటికి మొదటి వంద రూ. 3.40, రెండో వంద రూ. 4.80 చొప్పున 820 రూపాయలు. 201 వాడితే మొదటి 200 యూనిట్లకూ రూ. 5.10 చొప్పున మారిపోయి మొత్తం రూ. 1,027.70. ఒక్క యూనిట్టుకి రెండు వందలు పైన! పైగా 2024 మార్చి నుంచి అర్హులైన కుటుంబాలకు 200 యూనిట్ల లోపు వాడితే గృహజ్యోతి కింద సున్నా బిల్లు. అక్కడ ఉన్న అక్కచెల్లెళ్లు నెలాఖరులో మీటరు వైపు ఒక కన్నేసి ఉంచడం ఎంత అవసరమో చూడండి.

బిల్లు మీద మనకి కంటగింపుగా కనిపించే ఇంకో వరుస ట్రూ-అప్. పంపిణీ సంస్థ సంవత్సరం మొదట్లో "ఇంత ఖర్చవుతుంది" అని అంచనా చెబుతుంది. చివరికి ఎక్కువైతే ఆ తేడా తరువాత మన దగ్గర వసూలు చేయడానికి మండలిని అడుగుతుంది. అదే ట్రూ-అప్. 2014 నుంచి 2019 వరకు అయిన తేడాలను మన రాష్ట్రంలో 2022 ఆగస్టు నుంచి వసూలు చేయడం మొదలైంది. ఏ ఇల్లాలైనా అడిగే ప్రశ్న ఒకటే. ఆ రోజుల్లో ఆ ఇంట్లో ఎవరు అద్దెకున్నారో, ఏసీ వాడి వెళ్లిపోయినవారు ఎవరో, వాళ్ల బాకీ ఇవాళ దిగినవాళ్లు ఎందుకు కట్టాలి? పాలవాడు వచ్చి "ఎనిమిదేళ్ల కిందట ఈ ఇంట్లో ఉన్నవాళ్ల పాల ధర తక్కువ వేశాను, మీరివ్వండి" అంటే ఊరుకుంటామా?

ఈ ఆలస్యం లేకుండా చేయడానికని 2022 డిసెంబరులో కేంద్రం నిబంధనలు మార్చి, ఇంధనం, కొనుగోలు ఖర్చు తేడాను నెలనెలా వసూలు చేసుకునే వీలిచ్చింది. మన రాష్ట్రంలో 2023 నుంచి యూనిట్టుకి 40 పైసలు అలా పడడం మొదలైంది. పాత బాకీలు పోగుపడవు, నిజమే. కానీ ముందు వసూలు, లెక్క తనిఖీ తరువాత. ఖర్చు తగ్గితే తిరిగి ఇవ్వాలి కూడా. దాన్ని ట్రూ-డౌన్ అంటారు. 2025లో ఆంధ్రప్రదేశ్ మండలి యూనిట్టుకి 13 పైసలు నవంబరు నుంచి తగ్గించమని ఉత్తర్వు ఇచ్చింది. కాబట్టి ఆ వరుసలో కూడిక గుర్తు ఉందో, తీసివేత గుర్తు ఉందో చూసుకోవడం మన పని.

లెక్క తెలిస్తే ఏమి ఒరుగుతుందంటారా? ఒక సంగతి చెబుతాను. మా ఇంట్లో పనిచేసే అమ్మాయి ఒకరోజు కళ్లనీళ్లతో వచ్చింది. "అమ్మగారూ, ఎప్పుడూ రెండొందలు దాటదు, ఈసారి తొమ్మిదొందలు వేశారు" అని చీటీ చూపించింది. చూస్తే 210 యూనిట్లు. ఒక గది ఇల్లు, రెండు లైట్లు, ఒక ఫ్యాను, ఒక చిన్న టీవీ. "రీడింగు తీసే అబ్బాయి పోయిన నెల వచ్చాడా?" అని అడిగాను. "రెండు నెలలుగా రాలేదమ్మా, బిల్లే ఇవ్వలేదు" అంది. అప్పుడు సంగతి తెలిసింది. మూడు నెలల వాడకం ఒక్క నెలలో పడింది.

కాగితం తీసి లెక్క వేశాను. 210 యూనిట్లు ఒకే నెల అనుకుంటే యూనిట్ల ఖర్చు 927 రూపాయలు. నెలకి 70 చొప్పున మూడు నెలలకి విడగొడితే నెలకి 177, మూడు నెలలకీ కలిపి 531. తేడా 396 రూపాయలు. మీకూ నాకూ అది ఒక చీరకి ఫాల్, జాకెట్టు కుట్టుకూలి. ఆ పిల్లకి వారం రోజుల బియ్యం, కూరలు.

ఇద్దరం కలిసి ఆఫీసుకి వెళ్లాం. కౌంటరులో ఉన్నాయన చీటీ చూసి, "మీటరు తిరిగిందమ్మా, కట్టాల్సిందే" అన్నాడు. "తిరగలేదని మేమనడం లేదు బాబూ. మూడు నెలలు తిరిగింది, ఒక్క నెలలో కాదు. నెలనెలా రాకపోవడం ఈ పిల్ల తప్పు కాదు కదా" అన్నాను. ఆయన పై అధికారి దగ్గరికి పంపాడు. ఆయన "తరువాత చూద్దాం" అన్నాడు. నేను రాసుకెళ్లిన అర్జీ ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించి అందినట్టు సంతకం పెట్టమన్నాను. ఆ సంతకం దగ్గర ఆయన మళ్లీ చీటీ చూశాడు. మరుసటి నెల బిల్లులో ఆ తేడా సర్దుబాటు అయి వచ్చింది. ఆ అమ్మాయి ఇప్పుడు వాళ్ల వీధిలో నలుగురి చీటీలు పట్టుకొచ్చి నా ముందు పెడుతోంది!

ఆ ఆఫీసువాళ్ల మీద నాకు కోపం లేదు. ఒక్కో మనిషి మీద ఎంత పని ఉంటుందో చూశాను. కానీ రెండో కాపీ మీద ముద్ర అనే చిన్న పని ఎంత బలమో కూడా చూశాను.

అందుకే మన హక్కులు కొన్ని చెబుతాను, అవసరానికి పనికొస్తాయి. బిల్లు కట్టలేదని కరెంటు తీసేయాలంటే ముందు 15 రోజులు గడువిచ్చి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలని చట్టం చెబుతోంది. రీడింగు తీయడానికి మనిషి వచ్చినప్పుడు వరుసగా రెండుసార్లు ఇంటికి తాళం ఉంటే, మనమే మీటరు ఫోటో తీసి పంపవచ్చని 2020 నాటి వినియోగదారుల హక్కుల నిబంధనల్లో ఉంది. మీటరు మీద అనుమానం ఉండి ఫిర్యాదు చేస్తే, 2024లో మార్చిన నిబంధనల ప్రకారం అయిదు రోజుల్లో పక్కన ఇంకో మీటరు పెట్టి కనీసం మూడు నెలలు సరిచూడాలి. కొత్త కనెక్షను మహానగరంలో మూడు రోజుల్లో, మునిసిపాలిటీల్లో ఏడు రోజుల్లో, పల్లెల్లో పదిహేను రోజుల్లో ఇవ్వాలి. ఆఫీసులో న్యాయం జరగకపోతే ప్రతి పంపిణీ సంస్థకీ వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంటుంది. అక్కడా తృప్తి లేకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. లాయరు అక్కర్లేదు, తెల్లకాగితం మీద తెలుగులో రాసుకుని వెళ్లవచ్చు. బిల్లు మామగారి పేరు మీద ఉందనో, ఇంటివారి పేరు మీద ఉందనో వెనకాడకండి. కరెంటు అందుకుని వాడుకుంటున్న మనిషిని కూడా చట్టం వినియోగదారు అనే అంటుంది.

ఇంతవరకు మన ఇంటి గోల. మరి పక్కవాళ్ల మాటేమిటి? సంక్రాంతికి మా పుట్టింట్లో ఒకే బంతిలో ముగ్గురం కూర్చున్నాం. మా అన్నయ్య రైతు. 2004 నుంచి ఆయన పంపుసెట్టుకి కరెంటు ఉచితం. మా మరిదికి చిన్న బియ్యం మిల్లు. నాది ఇల్లు. ఒకే తీగలోంచి వచ్చే కరెంటుకి ముగ్గురికీ మూడు లెక్కలు. "నా మిల్లు రేటులోంచే మీ అందరికీ చవక" అన్నాడు మరిది. "నేను నీళ్లు పెట్టకపోతే నీ మిల్లుకి వడ్లెక్కడివి?" అన్నాడు అన్నయ్య. ఇద్దరి మాటా అబద్ధం కాదు.

చట్టంలో దీనికి ఒక దారి ఉంది. ప్రభుత్వం ఎవరికైనా చవకగా ఇవ్వాలనుకుంటే ఆ డబ్బు పంపిణీ సంస్థకి ముందుగానే చెల్లించాలి. చెల్లిస్తే ఎవరికీ బాధ లేదు. ఆలస్యమైతే సంస్థ అప్పు తెస్తుంది, ఆ వడ్డీ ఏదో ఒక రూపంలో తిరిగి మన నెత్తినే పడుతుంది. ఇంకో చిక్కు ఏమిటంటే, మనకి పక్క బండి లేదన్నాను గానీ పెద్ద ఫ్యాక్టరీలకి ఉంది. ఓపెన్ యాక్సెస్ అనే పద్ధతిలో వాళ్లు సర్‌ఛార్జీ కట్టి వేరే చోట కరెంటు కొనుక్కోవచ్చు. ఎక్కువ రేటు కట్టే ఖాతాదారు అలా వెళ్లిపోతే, స్తంభాల ఖర్చు, లైన్‌మన్ల జీతం మిగిలినవాళ్లు పంచుకోవాలి. ఆ మిగిలినవాళ్లు ఎవరు? నేనూ, మీరూ, మా పనమ్మాయీ. పోటీ వస్తే ధర తగ్గుతుందన్న మాట నిజమే కావచ్చు. కానీ ఎవరికి తగ్గుతుందో, ఎవరికి పెరుగుతుందో అడగకుండా తల ఊపకూడదు.

ముందు ముందు మనకి ఇంకో మార్పు తగలబోతుంది. 2023లో కేంద్రం చేసిన నిబంధనల్లో వేళని బట్టి రేటు అనే పద్ధతి ఉంది. స్మార్ట్ మీటరు పెట్టిన ఇళ్లకి, ఎండ ఉన్న గంటల్లో రేటు తక్కువ, రద్దీ గంటల్లో ఎక్కువ. ఏ గంటలన్నది రాష్ట్ర మండలి తేలుస్తుంది. పిండి రుబ్బడం, బట్టలు ఉతకడం, ఇస్త్రీ, మోటారు ఇవన్నీ మధ్యాహ్నానికి మార్చుకోగలిగితే మనకి లాభమే. ఇంట్లో ఉండే ఇల్లాలికి అది కుదురుతుంది. పొద్దున వెళ్లి రాత్రికి వచ్చే ఉద్యోగస్తురాలికి, రోజంతా నాలుగిళ్లలో పనిచేసి సాయంత్రమే తన ఇంటి మొహం చూసే పనమ్మాయికి ఎలా కుదురుతుంది? ఈ మాట మండలి ముందు చెప్పవలసింది ఎవరు?

చెప్పే చోటు ఉంది. ఏటా నవంబరు నెలాఖరుకి పంపిణీ సంస్థలు వచ్చే సంవత్సరం లెక్కలు మండలికి ఇస్తాయి. అభ్యంతరాలు పంపమని పేపర్లో ప్రకటన వస్తుంది. తరువాత బహిరంగ విచారణ జరుగుతుంది. మామూలుగా మార్చి నెలాఖరులోపు ఉత్తర్వు, ఏప్రిల్ 1 నుంచి కొత్త రేటు. ఆ విచారణ ఒకటి నేను ఫోనులో ప్రసారం అవుతుంటే కూరలు తరుగుతూ విన్నాను. ఫ్యాక్టరీల తరపున లెక్కలు తెలిసినవారు మాట్లాడారు. రైతు సంఘాలు మాట్లాడాయి. రొయ్యల చెరువులవారు మాట్లాడారు. వింటున్నంతసేపూ వంటింటి తరపున ఒక్క గొంతు వినపడుతుందేమోనని చూశాను.

అందుకే పోయిన సంవత్సరం నేను ఒక పేజీ ఉత్తరం రాశాను. రెండే ప్రశ్నలు. ట్రూ-అప్ వరుసలో అది ఏ సంవత్సరానిదో తెలుగులో అచ్చు వేయండి. రీడింగు ఆలస్యమైతే నెలలవారీగా విడగొట్టే బాధ్యత అడిగినవాళ్ల మీద కాకుండా మీమీదే పెట్టుకోండి. పంపిణీ సంస్థ నుంచి రాతపూర్వకంగా జవాబు వచ్చింది. మొదటిదానికి "పరిశీలిస్తాం" అన్నారు, రెండోదానికి నిబంధన వివరించారు. తృప్తి కలగలేదు. అయినా నా పేరుకి ముందు "శ్రీమతి" పెట్టి, నా ప్రశ్నని మళ్లీ రాసి, దాని కింద జవాబు రాశారు. మా అమ్మ 2000లో వీధిలో నిలబడి అడిగిన ప్రశ్నకి ఇలాంటి కాగితం రాలేదు.

ఈ నెల బిల్లు వచ్చినప్పుడు ఒక్క పని చేయండి. కట్టే ముందు మీరు తీసుకుని, యూనిట్లు ఎన్ని, ఎన్ని రోజులకి వేశారు, సర్దుబాటు వరుసలో ఎంత ఉంది, ఈ మూడూ పాల లెక్క పక్కన రాసుకోండి. మూడు నెలలు రాస్తే ఎక్కడ తేడా ఉందో మీకే తెలుస్తుంది. నవంబరు వచ్చాక పేపర్లో ఆ ప్రకటన కోసం చూడండి, మీ వీధిలో నలుగురు కలిసి ఒక ఉత్తరం రాయండి. ఈసారి నేను మూడో ప్రశ్న కూడా కలుపుతున్నాను, పనికెళ్లే ఆడవాళ్లకి సాయంత్రం రేటు సంగతి ఏమిటని. మీ ఇళ్లల్లో ఇంకేమి ఇబ్బందులున్నాయో మీరూ రాయండి, నా ఫైలులో గోంగూర పచ్చడి పక్కన ఇంకా చోటుంది.